ఈ ఆపరేషన్ మీకేనా?

ఇంట్లో పెద్దాయనకు ఎంఫిసీమా అని తేలాక, ఏదో ఒక రోజు ఎవరో ఒకరు ఈ కబురు మోసుకొస్తారు. "ఊపిరితిత్తుల్లో పాడైన భాగం కోసి తీసేస్తారట. ఆయాసం తగ్గిపోతుందట." కబురు అబద్ధం కాదు. అలాంటి ఆపరేషన్ ఉంది. ఊపిరితిత్తుల పరిమాణం తగ్గించే శస్త్రచికిత్స అని దాని పేరు. డాక్టర్లు పొట్టిగా ఎల్‌వీఆర్‌ఎస్ అంటారు. సరైన మనిషికి చేస్తే ఆయుష్షు పెంచిన ఆపరేషనే అది. సరిపడని మనిషికి చేసినప్పుడు నెల తిరక్కుండానే ప్రాణం తీసింది కూడా. భయపెట్టడానికి అంటున్న మాట కాదిది. లెక్కలు కాసేపట్లో చెబుతాను.

అందుకే ఈ అధ్యాయంలో ఆపరేషన్ ఎలా చేస్తారన్నది తక్కువ, ఎవరికి చేస్తారన్నది ఎక్కువ. మీరు రోగి అయినా, రోగి కొడుకో కూతురో అయినా, "ఇది మంచి ఆపరేషనేనా?" అని అడగడం మాని "ఇది మాకు సరిపడుతుందా?" అని అడగాలన్నది నా కోరిక. మొదటి ప్రశ్నకు జవాబు ఎక్కడైనా చదువుకోవచ్చు. రెండోదానికి జవాబు కావాలంటే మిమ్మల్ని దగ్గర కూర్చోబెట్టుకుని, నడిపించి, ఊదించి, కొలిచి చెప్పాలి. ఆ కొలతలకు ఓపిక పట్టని చోట ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దు.

లోపల ఏం జరుగుతోందో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి సాగుతుంది, సాగాక తనంతట తానే ముడుచుకుంటుంది. ఏళ్ల తరబడి పొగ తగిలితే గాలి గదుల మధ్య పల్చటి గోడలు చెడిపోతాయి. చిన్న గదులు కలిసిపోయి పెద్ద ఖాళీలవుతాయి. ముడుచుకునే గుణం పోతుంది. సన్నటి గాలి గొట్టాలను చుట్టూ పట్టి తెరిచి ఉంచే ఆసరా కూడా పోతుంది కనుక, ఊపిరి వదిలేటప్పుడు అవి మూసుకుపోతాయి. పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాదు. కూర్చున్నంతసేపూ ఎలాగో నెట్టుకొస్తారు. నాలుగడుగులు వేయగానే ఊపిరి వేగం పెరుగుతుంది, వదలడానికి వ్యవధి చాలదు, ప్రతి శ్వాసకూ కొంత గాలి లోపలే మిగిలిపోతుంది. రోగి "గాలి అందట్లేదు" అంటాడు. అసలు చిక్కు గాలి బయటికి పోకపోవడంలో ఉంది. ఉబ్బిన ఊపిరితిత్తులు కిందికి తొక్కడంతో, విప్పిన గొడుగులా పైకి వంపు తిరిగి ఉండాల్సిన డయాఫ్రం కండరం చదునైపోయి, లాగాల్సినంత బలంగా లాగలేకపోతుంది.

సర్జన్ చేసేదేమిటంటే, రక్తానికి ఆక్సిజన్ ఇచ్చే పని దాదాపు మానేసి, చోటు మాత్రం ఆక్రమించుకున్న భాగాన్ని తీసేయడం. ఒక్కో వైపు 20 నుంచి 35 శాతం దాకా తీస్తారు. మిగిలిన కాస్త మంచి భాగానికి సాగడానికి చోటు దొరుకుతుంది. డయాఫ్రం మళ్లీ వంపు తిరుగుతుంది. ఇక్కడ ఒక షరతు దాగి ఉంది. మిగలడానికి మంచి భాగమంటూ ఒకటి ఉండాలి. ఎంపిక కోసం చేసే పరీక్షలన్నీ చివరికి ఆ భాగం ఉందా, ఎక్కడుంది, ఎంతుంది అని వెతకడానికే.

ఎంపిక లేని రోజులు

ఈ ఆలోచన పాతదే. 1950ల చివర్లో అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో ఒట్టో బ్రాంటిగన్ అనే సర్జన్ మొదలుపెట్టాడు. కొందరు రోగులు తేలికపడ్డామన్నారు. కానీ ఆపరేషన్ తర్వాత చనిపోయినవాళ్లు ఎక్కువగా ఉండటం, ఎంత మేలు జరిగిందో కొలిచి చూపలేకపోవడంతో పద్ధతి మూలన పడింది. 1990ల్లో సెయింట్ లూయిస్ నగరంలో జోయెల్ కూపర్ దాన్ని మళ్లీ చేపట్టాడు. ఆయన బృందం 1995లో 20 మంది రోగుల ఫలితాలు ప్రకటించింది. గట్టిగా ఊదినప్పుడు మొదటి సెకనులో బయటికొచ్చే గాలి సగటున 82 శాతం పెరిగింది. ఒక్కరు కూడా చనిపోలేదు.

ఆ 20 మందినీ ఎంత జల్లెడ పట్టి తీసుకున్నారో చాలామందికి పట్టలేదు. ఫలితం చూసి ఆసుపత్రులు ఎగబడ్డాయి. వృద్ధుల వైద్యానికి డబ్బు కట్టే అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్ తన బిల్లులు తిరగేసి చూసుకుంటే, మరణాలు ఆందోళన కలిగించేంతగా కనిపించాయి. దాంతో చెల్లింపులు ఆపేసింది. ముందు నిజం తేల్చాలన్న పట్టుదలతో మొదలైందే నేషనల్ ఎంఫిసీమా ట్రీట్‌మెంట్ ట్రయల్, పొట్టిగా నెట్. 17 కేంద్రాల్లో 1998 నుంచి 2002 దాకా రోగులను చేర్చుకున్నారు. 3,777 మందిని పరిశీలించి 1,218 మందిని తీసుకున్నారు. ప్రతి ముగ్గురిలో ఇద్దరు గడప దగ్గరే ఆగిపోయారన్నమాట. తీసుకున్నవాళ్లలో ఎవరికి ఆపరేషన్, ఎవరికి మందులూ వ్యాయామమే అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించారు.

నా దృష్టిలో ఈ అధ్యయనంలో అన్నిటికంటే విలువైన పాఠం దాని మధ్యలోనే బయటపడింది. ఒక రకం రోగులు ఆపరేషన్ తర్వాత వరసగా చనిపోతున్నారని పర్యవేక్షక బృందం గమనించింది. మొదటి సెకనులో ఊదగలిగే గాలి ఉండాల్సిన దాంట్లో 20 శాతానికి మించని వాళ్లు వీళ్లు. దానికి తోడు, సీటీలో జబ్బు ఊపిరితిత్తి అంతటా ఒకేలా పరుచుకుని ఉండటమో, లేదా గాలి నుంచి రక్తంలోకి వాయువులు దాటే శక్తిని చెప్పే డీఎల్‌సీఓ కూడా 20 శాతానికి మించకపోవడమో ఉంది. ఇలాంటి వాళ్లలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు 69 మంది, 30 రోజుల్లో చనిపోయినవాళ్లు నూటికి 16 మంది. మందుల మీదే ఉన్న 70 మందిలో ఆ 30 రోజుల్లో ఒక్కరూ పోలేదు. వెంటనే ఆ రకం రోగులను తీసుకోవడం ఆపేశారు. 2001లో లోకానికి ప్రకటించారు.

ఇప్పుడు ఆ మనుషులను ఊహించుకోండి. అందరికంటే ఎక్కువ ఆయాసపడేది వాళ్లే. ఏదో ఒకటి చేయండి డాక్టరు గారూ అని బతిమాలుకునేదీ వాళ్లే. జబ్బు ముదిరినవాడికే ఆపరేషన్ ముందు చేయాలి అని మనకు సహజంగా అనిపిస్తుంది. ఈ విషయంలో అది తప్పు. ముదిరిపోయి, అంతటా పరుచుకున్న జబ్బులో కోసి తీశాక మిగలడానికి మంచి భాగం లేదు. అలాంటి రోగికి డాక్టరు "మీకు వద్దు" అంటే, ఆ మాట వెనక ఆ 69 మంది అనుభవం నేర్పిన జ్ఞానం ఉంది. దాన్ని తిరస్కారంగా తీసుకోకండి. ఆ మాటే ఆయనకు దొరికే వైద్యాల్లో ఒకటి.

మిగతావాళ్ల సంగతి 2003లో తేలింది. మొత్తం మీద చూస్తే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లూ చేయించుకోనివాళ్లూ ఇంచుమించు ఒకే లెక్కన చనిపోయారు. అక్కడే ఆగి ఉంటే ఈ ఆపరేషన్ కథ ముగిసేది. కానీ రోగులను రెండు ప్రశ్నలతో విడదీసి చూసేసరికి బొమ్మ మారింది. జబ్బు ప్రధానంగా పై భాగాల్లో ఉందా? కొన్ని వారాల వ్యాయామ శిక్షణ తర్వాత కూడా శక్తి తక్కువగానే ఉందా? సైకిల్ పరీక్షలో ఆడవాళ్లకు 25 వాట్లు, మగవాళ్లకు 40 వాట్లు దాటకపోతే శక్తి తక్కువని లెక్క.

రెండు ప్రశ్నలకూ అవునని జవాబొచ్చిన వాళ్లకు ఆపరేషన్ ఆయుష్షు పోసింది. సగటున 29 నెలలు గమనించగా, మందుల మీద ఉన్న 151 మందిలో 51 మంది చనిపోతే, ఆపరేషన్ అయిన 139 మందిలో 26 మందే చనిపోయారు. ఇంకా ఎక్కువ కాలం గమనించి 2006లో చెప్పిన దాని ప్రకారం, వీళ్లకు వ్యాయామ శక్తిలో మేలు మూడేళ్లు, రోజువారీ శ్వాస బాధలో మేలు ఐదేళ్లు కనిపించింది. జబ్బు పైభాగంలోనే ఉన్నా ఒంట్లో శక్తి బాగున్నవాళ్లకు ఆయుష్షు పెరగలేదు కానీ నడక, తేలికదనం మెరుగయ్యాయి. జబ్బు పైభాగంలో కాకుండా మిగతా చోట్ల ఉండి, శక్తి తక్కువగా ఉన్నవాళ్లకు దక్కింది కొద్దిపాటి ఉపశమనమే. జబ్బు పైన లేదు, శక్తి బాగానే ఉంది అనే నాలుగో రకం వాళ్లకు మాత్రం ఆపరేషన్ కీడే చేసింది. మందుల మీద ఉన్నవాళ్లకు రెట్టింపు లెక్కన చనిపోయారు. బాగా నడుస్తున్న మనిషిని "ఇంకా బాగుంటాడు" అని బల్ల ఎక్కించడం ఎంత ప్రమాదమో చూడండి.

మిమ్మల్ని ఎలా కొలుస్తారు

ముందు సీటీ. మామూలు ఎక్స్‌రేతో ఈ నిర్ణయం జరగదు. పల్చటి కోతలతో తీసే హై రిజల్యూషన్ సీటీ కావాలి. డాక్టరు కంప్యూటర్ మీద మెడ కింది నుంచి పొట్ట పై దాకా ఒక్కో కోతా జరుపుతూ పోతారు. ఆ సమయంలో పక్కనే కూర్చుని చూపించమని అడగండి. చూడటం కష్టమేం కాదు. ఎంఫిసీమా ఉన్న చోట తెర నల్లగా, బోసిగా ఉంటుంది. మంచి భాగం బూడిద రంగులో ఉండి, దాని మీద తెల్లటి రక్తనాళాలు కొమ్మలు కొమ్మలుగా పరుచుకుని కనిపిస్తాయి. పైన నలుపు, కిందికి వచ్చేకొద్దీ కొమ్మలు చిక్కబడుతుంటే ఆశ ఉంది. పై నుంచి కింద దాకా ఒకే నలుపైతే ఆశ తక్కువ. పొగతాగేవాళ్లకు జబ్బు ఎక్కువగా పై భాగంలో మొదలవుతుంది. పుట్టుకతో ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే ప్రొటీన్ తక్కువైన వాళ్లకు కింది భాగాల్లో వస్తుంది. వాళ్లలో ఈ ఆపరేషన్ మేలు అంతగా నిలవదు. ఇదే సీటీలో అనుమానపు గడ్డ ఏదైనా కనిపిస్తే, ముందు దాని సంగతి తేలాలి.

తర్వాత ఊదే పరీక్ష. ఇక్కడ మన ఊళ్లలో జరిగే ఒక పొరపాటు చెప్పాలి. చాలాచోట్ల స్పైరోమెట్రీ ఒక్కటే చేసి పీఎఫ్‌టీ, అంటే ఊపిరితిత్తుల పనితీరు పరీక్ష, అయిపోయిందంటారు. స్పైరోమెట్రీ మీరు బయటికి ఊదిన గాలిని కొలుస్తుంది. ఊదాక కూడా లోపల ఇరుక్కుపోయిన గాలిని కొలవలేదు. మనకు కావాల్సింది ఆ ఇరుక్కున్న గాలి లెక్కే. దానికి అద్దాల గదిలో కూర్చోబెట్టి చేసే బాడీ ప్లెథిస్మోగ్రఫీ కావాలి. నెట్‌లో చేరాలంటే లోపల మిగిలిన గాలి ఉండాల్సిన దానికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలని, మొదటి సెకను గాలి 45 శాతానికి మించకూడదని పెట్టారు. డీఎల్‌సీఓ కూడా అదే గదిలో, అదే పూట అయిపోతుంది. ఈ అంకెలు లేని ఫైలుతో ఆపరేషన్ గురించి ఎవరు మాట్లాడినా అది ఊహే.

ఆరు నిమిషాల నడక పరీక్ష చూడటానికి చిన్నది, చెప్పేది చాలా ఎక్కువ. ముప్పై మీటర్ల వరండా. రెండు కొసల్లో రెండు కోన్లు. మీ వేలికి ఆక్సిమీటర్ తొడుగుతారు. టెక్నీషియన్ చేతిలో స్టాప్‌వాచ్ ఉంటుంది. ఆరు నిమిషాల్లో మీ వల్ల అయినంత దూరం నడవాలి. ఆగొచ్చు, గోడకు ఆనుకోవచ్చు, మళ్లీ బయల్దేరొచ్చు. గడియారం మాత్రం ఆగదు. నిమిషం నిమిషానికీ "బాగా నడుస్తున్నారు, ఇంకా ఐదు నిమిషాలుంది" అని ఒకే గొంతుతో చెబుతారు. అంతకు మించి హుషారు చేయరు, ఎందుకంటే హుషారు చేస్తే లెక్క తప్పుతుంది. చాలామంది పెద్దవాళ్లు దీన్ని పరువు ప్రశ్నగా తీసుకుని మొదటి రెండు నిమిషాలూ జోరుగా నడిచి, మూడో నిమిషానికి కోను పట్టుకుని నిలబడిపోతారు. అలా చేయకండి. మీరు మొదటి నుంచి చివరి దాకా నిలుపుకోగల వేగమే అసలు కొలత. నెట్‌లో ఈ దూరం 140 మీటర్లు దాటని వాళ్లను తీసుకోలేదు.

మణికట్టు దగ్గర ధమని నుంచి రక్తం తీసి ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ చూస్తారు. కార్బన్ డయాక్సైడ్ మరీ పేరుకుపోయి ఉంటే గాలి ఆడించే కండరాలు అలిసిపోయాయని అర్థం. గుండెకు ఎకో తీసి, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పీడనం ఎక్కువుందేమో చూస్తారు. ఎక్కువుంటే ఆపరేషన్ మాట వదిలేయాలి. రోజుకు 20 మిల్లీగ్రాములకు మించి స్టెరాయిడ్ మాత్రల మీద బతుకుతున్నా, రోజూ గ్లాసెడు కఫం పడుతున్నా, లోగడ ఛాతీ తెరిచి ఆపరేషన్ జరిగి ఉన్నా వెనక్కి తగ్గాల్సిన కారణాలే.

ఇక పొగ. కనీసం నాలుగు నెలలు పూర్తిగా మానేసి ఉండాలన్నది నెట్ నియమం. ఇంకా ఎక్కువ కాలం అడిగే కేంద్రాలున్నాయి. మానేశామన్న మాటను నమ్మి ఊరుకోరు, రక్తంలోనో మూత్రంలోనో కోటినిన్ అనే ఆనవాలు చూస్తారు. బీడీ మానేసి ఖైనీ, గుట్కా నములుతున్నా ఆ ఆనవాలు కనిపిస్తుంది. నికోటిన్ గమ్ నమిలినా అంతే, కనుక ఏది వాడుతున్నా ముందే చెప్పండి. దీన్ని దొంగను పట్టుకునే పరీక్షగా భావించి ముడుచుకోకండి. పొగ తాగుతూ కోయించుకుంటే కుట్లు సరిగా మానవు, మిగిలిన మంచి భాగాన్ని కూడా అదే పొగ తినేస్తుంది.

మన దగ్గర ఇంకో రెండు సంగతులు కలుస్తాయి. అమెరికా రోగులు దాదాపు అందరూ సిగరెట్లు కాల్చినవాళ్లు. మన పల్లెల్లో జీవితంలో ఒక్క బీడీ కూడా ముట్టని ఆడవాళ్లు కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఇదే ఆయాసంతో వస్తారు. పొయ్యి పొగ వల్ల వచ్చే జబ్బులో గాలి గొట్టాల వాపు ఎక్కువ, గాలి గదులు కూలిపోవడం తక్కువ. కోసి తీయడానికి బోసిపోయిన భాగమే ఉండకపోవచ్చు. రెండోది టీబీ. ఎప్పుడో కుర్రతనంలో వచ్చి తగ్గిన టీబీ మచ్చలు సరిగ్గా పై భాగంలోనే ఉంటాయి, ఊపిరితిత్తి పొర ఛాతీ గోడకు అతుక్కుపోయి ఉంటుంది. దాన్ని విడదీస్తే రక్తస్రావం, గాలి లీకు రెండూ పెరుగుతాయి. "పాత టీబీయే కదా, ఎందుకులే" అని చెప్పకుండా ఉండకండి. ఇంకో మాట, ఊపిరితిత్తిలో ఒకే ఒక పెద్ద గాలి బుడగ లేచి పక్కనున్న మంచి భాగాన్ని నొక్కేస్తుంటే, ఆ బుడగను తీసేయడం వేరే ఆపరేషన్. దాని లెక్కలు వేరు. మీ రిపోర్టులో "బుల్లా" అని ఉంటే దీన్నీ దాన్నీ కలిపేయకుండా అడిగి తెలుసుకోండి.

ఆపరేషన్‌కు ముందు మీ చేతిలో ఉన్న పని

నెట్‌లో చేరినవాళ్లందరూ లాటరీకి ముందు ఆరు నుంచి పది వారాలు పల్మనరీ రీహాబిలిటేషన్ అనే శ్వాస, వ్యాయామ శిక్షణ చేయాల్సి వచ్చింది. మినహాయింపు లేదు. దీనికి రెండు కారణాలున్నాయి. ఒకటి, కండబలం లేని మనిషి ఛాతీ ఆపరేషన్‌ను తట్టుకోలేడు. రెండోది ఎంపికకే సంబంధించింది. శిక్షణకు ముందు శక్తి లేనట్టు కనిపించిన కొందరు శిక్షణ తర్వాత శక్తి ఉన్న వర్గంలోకి జరిగిపోయారు. కూర్చుని కూర్చుని కాళ్లు చచ్చుబడటం వేరు, ఊపిరితిత్తి చచ్చుబడటం వేరు. శిక్షణ పూర్తయితేనే ఈ రెండూ విడివడి కనిపిస్తాయి. అందుకే శిక్షణకు ముందే తేదీ ఇచ్చే చోట ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

ఈ శిక్షణ పెద్ద ఆసుపత్రిలోనే జరగాలని లేదు. దగ్గర్లోని ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని ఇంట్లో కొనసాగించొచ్చు. మొదట శ్వాస. ముక్కుతో పీల్చి, పెదాలు సున్నా చుట్టి, పీల్చిన సమయానికి రెట్టింపు సమయం మెల్లగా వదలాలి. పెదాల దగ్గర కొంచెం అడ్డు పెడితే లోపలి గొట్టాలు వెంటనే మూసుకుపోకుండా నిలబడతాయి, ఇరుక్కున్న గాలి కొంతైనా బయటికొస్తుంది. కూర్చుని పదిసార్లు చేయడం అందరికీ వస్తుంది. ఆయాసం తన్నుకొచ్చినప్పుడు గుర్తుకు రావడమే కష్టం. అందుకని దాన్ని పనులకు కట్టేయండి. స్నానం దగ్గర చూడండి. బకెట్లో నీళ్లు ముంచి చెంబు తల మీదికి ఎత్తే క్షణంలోనే చాలామందికి దమ్ము ఆగుతుంది, ఎందుకంటే ఊపిరికి సాయపడే భుజం కండరాలు చేతులెత్తే పనిలో పడిపోతాయి. బాత్‌రూములో స్టూలు వేసుకుని కూర్చోండి. చెంబు ముంచేటప్పుడు పీల్చండి, ఎత్తేటప్పుడు వదలండి. మెట్లకూ ఇదే సూత్రం. నిలబడి పీల్చడం, వదులుతూ ఎక్కడం.

నడక రోజూ ఉండాలి. మాట తెగిపోయేంత ఆయాసం వస్తే ఆగాలి. అరలీటరు నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని ఎత్తి దించడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, ఇవి చాలు. ఒక్కసారే కడుపు నిండా తినకుండా కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు తినండి, పప్పు, గుడ్డు, పెరుగు తగ్గనివ్వకండి. ఆపరేషన్ జరిగినా జరగకపోయినా ఈ వారాల శ్రమ వృథా పోదు. కొందరు ఈ శిక్షణ అయ్యాక "ఇది చాలు, నాకు కోత అక్కర్లేదు" అని నిర్ణయించుకుంటారు. అది ధైర్యం లేని నిర్ణయం కాదు.

నిర్ణయం ఎవరిది

కన్సల్టేషన్ గదిలో సాధారణంగా మాట్లాడేది పిల్లలు. అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో ఉంటాడు. "ఖర్చుకు వెనకాడొద్దు డాక్టర్, నాన్నగారికి బెస్ట్ ట్రీట్‌మెంట్ ఇవ్వండి" అంటాడు. ప్రేమతోనే అంటాడు. రోగి మాత్రం గోడ వైపు చూస్తుంటాడు. అలాంటి గదిలో డాక్టరు రోగి వైపు తిరిగి "మీకేం కావాలి?" అని అడిగితే కాసేపు ఎవరూ మాట్లాడరు. పక్కనున్న భార్యే భుజం తట్టి, "ఏమండీ, డాక్టరు గారు మిమ్మల్నే అడుగుతున్నారు, చెప్పండి" అనాలి. అప్పుడు వచ్చే జవాబు తరచూ చాలా చిన్నది. "నా స్నానం నేను చేసుకోవాలి. ఎవరూ పట్టుకోకూడదు."

ఆ జవాబు చాలా పని చేస్తుంది. కోరిక అదే అయితే పది వారాల శిక్షణతోనే తీరిపోవచ్చు. "రోజూ గుడి దాకా నడిచి వెళ్లాలి" అనేది కోరికైతే, శిక్షణ తర్వాత కూడా వీధి మలుపు దాటలేకపోతుంటే, సీటీ పై భాగంలో జబ్బు చూపిస్తుంటే, అప్పుడు ఆపరేషన్ మాట అర్థవంతమవుతుంది. కనుక డాక్టరు దగ్గరికి వెళ్లే ముందే మీ కోరికను ఒక్క వాక్యంలో కాగితం మీద రాసుకోండి. "బాగుండాలి" అని రాయకండి. ఏ పని చేయాలనుకుంటున్నారో రాయండి.

ముప్పు సంగతి రోగికి చెప్పకుండా దాచే అలవాటు మన ఇళ్లలో ఉంది. "నాన్నకి చెప్పకండి, భయపడతాడు" అంటారు. ఈ ఆపరేషన్ విషయంలో అది అన్యాయం. అత్యంత ప్రమాదకరమైన వర్గాన్ని తీసేశాక కూడా, నెట్‌లో ఆపరేషన్ అయిన వంద మందిలో ఐదుగురు 90 రోజుల్లోపు చనిపోయారు. మందుల మీద ఉన్నవాళ్లలో ఆ సంఖ్య ఒకరిద్దరు. పదిమందిలో తొమ్మిదిమందికి కుట్ల దగ్గర గాలి లీకైంది. ఛాతీలో గొట్టంతో వారం, కొందరికి అంతకంటే ఎక్కువ రోజులు ఉండాల్సి వచ్చింది. ఇప్పుడు చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేయడం, రోగులను ఇంకా గట్టిగా వడకట్టడం వల్ల మంచి కేంద్రాల్లో పరిస్థితి మెరుగైంది. అయినా ఆ ఐదుగురిలో తాను ఉండొచ్చని తెలిసి ఒప్పుకునే హక్కు ఆ ఛాతీ ఎవరిదో వాళ్లకే ఉంది. భయపడతాడేమో, భయపడనివ్వండి. పక్కన కూర్చోండి.

"మీకు ఈ ఆపరేషన్ పనికిరాదు" అన్న జవాబు వస్తే, "మరి నాకు ఏది పనికొస్తుంది?" అని అక్కడే అడగండి. ఊపిరితిత్తిని కోయకుండా బ్రాంకోస్కోపు ద్వారా గాలి గొట్టాల్లో ఒకవైపే తెరుచుకునే చిన్న కవాటాలు పెట్టే పద్ధతి ఉంది. పాడైన తమ్మెలోంచి, అంటే ఊపిరితిత్తిలోని ఆ లోబ్‌లోంచి, గాలి బయటికి పోతుంది, లోపలికి రాదు, ఆ తమ్మె ముడుచుకుపోతుంది. అమెరికాలో ఎఫ్‌డీఏ 2018లో వీటికి అనుమతి ఇచ్చింది. దీనికీ ఎంపిక ఉంది. తమ్మెకూ తమ్మెకూ మధ్య గోడ చిల్లులు లేకుండా ఉండాలి, లేకపోతే పక్కదారిలో గాలి వచ్చి చేరుతుంది. పెట్టాక దాదాపు నలుగురిలో ఒకరికి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరే ప్రమాదం ఉంది కనుక కొన్ని రోజులు ఆసుపత్రిలోనే ఉంచి చూస్తారు. రెండింటికీ సరిపోయే రోగుల్లో కోతనూ కవాటాలనూ పక్కపక్కన పెట్టి బ్రిటన్‌లో 88 మందితో ఒక అధ్యయనం చేశారు. 2023లో వచ్చిన ఆ ఫలితాల్లో ఏడాది చివర రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి రెండూ చేసే చోట, సర్జన్, పల్మనాలజిస్టు, రేడియాలజిస్టు కలిసి కూర్చుని మీ సీటీ చూసే చోట అభిప్రాయం తీసుకోవడం మంచిది. ఒక్కటే చేసే చోట ఆ ఒక్కటే మీకు సరైనదిగా కనిపించే అవకాశం ఎక్కువ.

అంతటా పరుచుకున్న జబ్బుకు, వయసూ ఇతర ఆరోగ్యమూ అనుకూలిస్తే, ఊపిరితిత్తుల మార్పిడి ఉంది. హైదరాబాద్‌లో, చెన్నైలో జరుగుతున్నాయి. రక్తంలో ఆక్సిజన్ బాగా తక్కువున్న వాళ్లకు రోజుకు 15 గంటలకు తగ్గకుండా ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకుంటే ఆయుష్షు పెరుగుతుందని 1980ల నాటికే తేలింది. ఆయాసం వచ్చినప్పుడు పది నిమిషాలు పెట్టుకుని తీసేయడం ఆ లెక్కలోకి రాదు. ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించుకోండి. ఇన్‌హేలర్ వాడే తీరును డాక్టరు ముందు ఒకసారి చేసి చూపించండి. తప్పుగా పీలిస్తే మందు గొంతులోనే ఆగిపోతుంది.

సర్జన్ దగ్గరికి వెళ్లినప్పుడు మొహమాటపడకుండా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. నా జబ్బు పై భాగంలో ఉందా, అంతటా ఉందా? నా డీఎల్‌సీఓ ఎంత? మీ దగ్గర ఈ ఆపరేషన్ ఏడాదికి ఎంతమందికి చేస్తారు, అందులో 90 రోజుల్లోపు ఎంతమంది పోయారు? మంచి సర్జన్ ఈ చివరి ప్రశ్నకు కోప్పడడు, ఆయన దగ్గర ఆ లెక్క ఉంటుంది. చేతిలో పాత ఎక్స్‌రేలు, టీబీ కార్డు ఉంటే అది, వాడుతున్న మందులన్నీ ఉన్న సంచి తీసుకెళ్లండి. సీటీకి ఫిల్ము ఒక్కటే ఇస్తే సరిపెట్టుకోకుండా సీడీ అడిగి తీసుకోండి. ఫిల్ము మీద కొన్ని బొమ్మలే అచ్చవుతాయి, సీడీలో అన్ని కోతలూ ఉంటాయి. రెండో అభిప్రాయం చెప్పాల్సిన డాక్టరుకు కావాల్సింది ఆ కోతలే.